కాన్సెప్ట్ కారు కొలత, వీధి కొలత: విద్యుత్ చిన్నకారుకు గీత గీసేదెవరు?

2019 అక్టోబరులో టోక్యో మోటార్ షోలో నిస్సాన్ సంస్థ ‘ఐఎంకే’ అనే చిన్న విద్యుత్ కారును కాన్సెప్ట్ నమూనాగా ప్రదర్శించింది. దాని పొడవు 3,434 మిల్లీమీటర్లు, వెడల్పు 1,512 మిల్లీమీటర్లు. రెండున్నర సంవత్సరాల తరువాత, 2022 మే నెలలో, ఆ ఆలోచనే ‘సకురా’ అనే పేరుతో అమ్మకానికి సిద్ధమైన కారుగా జనం ముందుకు వచ్చింది. ఈసారి పొడవు 3,395, వెడల్పు 1,475. అంటే పొడవులో 39, వెడల్పులో 37 మిల్లీమీటర్లు తగ్గాయి. రెండు వేళ్లు పక్కపక్కన పెడితే వచ్చేంత కొలత అది. ప్రదర్శన వేదికపై ముచ్చటగొలిపిన కారు కర్మాగారం గడప దాటేసరికి బొద్దుగా మారిపోతుందన్నది వాహనాభిమానుల్లో పాతుకుపోయిన అభిప్రాయం. ఇక్కడ జరిగినది దానికి పూర్తిగా భిన్నం.

ఇందుకు కారణం జపాన్ చట్టంలో ఉంది. ‘కేయి’ అనే చిన్న వాహనాల తరగతి అక్కడ 1949 నుంచి అమల్లో ఉంది. 1998లో సవరించిన పరిమితి ప్రకారం ఆ తరగతి కారు పొడవు 3.4 మీటర్లు, వెడల్పు 1.48 మీటర్లు, ఎత్తు 2 మీటర్లు మించరాదు. ఆ కొలతల్లో ఇమిడే వాహనానికి వార్షిక పన్ను 10,800 యెన్‌లు మాత్రమే. ఆ గీత దాటిన విద్యుత్ కారుకు అది 25,000 యెన్‌లు. అనేక ప్రాంతాల్లో కేయి కార్ల యజమానులకు పార్కింగ్ స్థల ధ్రువపత్రం విషయంలోనూ వెసులుబాటు ఉంది. గమనించవలసిన సంగతి ఏమిటంటే, ఈ పరిమితి పెట్రోలు కారుకూ, విద్యుత్ కారుకూ సమానంగా వర్తిస్తుంది. ప్రదర్శనలో 34 మిల్లీమీటర్లు గీత దాటినా అడిగేవారుండరు. అమ్మకానికి పెట్టినప్పుడు ఐదు మిల్లీమీటర్లు గీతకు ఇవతలే ఉండాలి. సకురా ఉన్నది. 2022 నుంచి వరుసగా మూడు ఆర్థిక సంవత్సరాలు జపాన్‌లో అత్యధికంగా అమ్ముడైన విద్యుత్ కారుగానూ నిలిచింది. దానిలోని బ్యాటరీ 20 కిలోవాట్ అవర్లు. ఒక్క చార్జితో అది నడిచే దూరం 180 కిలోమీటర్లని సంస్థ ప్రకటించింది.

మన దేశంలోనూ ఒక గీత ఉంది. అది నాలుగు మీటర్ల గీత. అయితే అది పెట్రోలు, డీజిల్ కార్లకే కనిపిస్తుంది. విద్యుత్ కారుకు కనిపించదు. ఈ తేడా వల్ల మన రోడ్ల మీదికి ఎలాంటి విద్యుత్ కార్లు వస్తున్నాయన్నదే ఈ వ్యాసంలోని ప్రధాన విషయం. కొలతల పట్టికలు చదవడం సాహిత్య విద్యార్థిగా చదువు ముగించిన వ్యాసకర్తకు అలవాటైన పని కాదు. కాని కొన్ని పట్టికలను పక్కపక్కన పెట్టి చూస్తే అవి చెప్పే కథ ఆసక్తికరంగానే ఉంటుంది.

ముందుగా కాన్సెప్ట్ కారు కంటికి చిన్నదిగా ఎందుకు కనిపిస్తుందో చూద్దాం. 2017 సెప్టెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్‌లో హోండా ప్రదర్శించిన ‘అర్బన్ ఈవీ’ని చూసినవారు దానిని బొమ్మకారు అన్నారు. అది తమ జాజ్ కారు కంటే 100 మిల్లీమీటర్లు పొట్టిదని సంస్థ అప్పుడే చెప్పింది. ఆనాటి జాజ్ పొడవు దాదాపు నాలుగు మీటర్లు. కనుక అర్బన్ ఈవీ సుమారు 3.9 మీటర్లు ఉండాలి. తరువాత ‘హోండా ఇ’గా అమ్మకానికి వచ్చిన కారు పొడవు 3,894 మిల్లీమీటర్లు. పొడవు పెద్దగా మారలేదన్నమాట. మారినవి వేరే ఉన్నాయి. రెండు తలుపుల స్థానంలో నాలుగు వచ్చాయి. వెడల్పుగా, నేలకు అంటుకున్నట్లుండే ఆకారం కాస్త లేచి నిలబడింది. కాన్సెప్ట్ కారుకు పెద్ద చక్రాలు, చక్రాలకు ముందూ వెనుకా అతి తక్కువ మిగులు భాగం, సన్నని కిటికీలు పెడతారు. వెనుక చూపు అద్దాల స్థానంలో అగ్గిపెట్టెంత కెమెరాలు అమరుస్తారు. నంబరు పలక, పాదచారి తగిలితే మెత్తగా వంగవలసిన బానెట్, ప్రమాదంలో నలిగి లోపలివారిని కాపాడే ముందు భాగం వంటి బాధ్యతలేవీ దానికి ఉండవు. చూపరి కన్ను కొలిచేది నిష్పత్తులను. మిల్లీమీటర్లను కాదు.

ఇక్కడే చిన్న పక్కమాట. సంస్థలు ప్రకటించే వెడల్పులో సాధారణంగా పక్క అద్దాలు కలవవు. కాన్సెప్ట్ కారుకు అద్దాలే ఉండవు కనుక దాని వెడల్పు నిజమైన వెడల్పే. అమ్మకానికి వచ్చిన కారుతో ఇరుకు సందులో ఎదురుపడినప్పుడు మాత్రం అద్దాలు కూడా లెక్కలోకి వస్తాయి. అవి మడిచి పట్టుకుని డ్రైవర్లు ఒకరికొకరు సైగలు చేసుకునే దృశ్యం మన నగరాల్లో ఎవరికీ కొత్త కాదు.

ఐరోపాలో చట్టం ఇంత గట్టి గీత గీయలేదు. అక్కడ కార్లు తరం తరానికీ పెరిగాయి. వోక్స్‌వ్యాగన్ 2025 మార్చిలో చూపిన ‘ఐడీ ఎవ్రీ1’ కాన్సెప్ట్ పొడవు 3,880 మిల్లీమీటర్లు. అది పూరించబోయే స్థానంలో ఇదివరకు ఉన్న ‘అప్’ కారు 3,600. అదే సంస్థ 2023లో చూపిన ‘ఐడీ.2ఆల్’ 4,050 మిల్లీమీటర్లు ఉండగా, దాని నుంచి రూపొందిన ‘ఐడీ పోలో’ దాదాపు అంతే కొలతతో ఖరారైంది. రెనో సంస్థ 1993 నాటి ట్వింగో 3,433 మిల్లీమీటర్లు. 2025 నవంబరులో ఆవిష్కరించిన విద్యుత్ ట్వింగో 3,789. ఫియట్ 2019లో జెనీవాలో ‘సెంటోవెంటీ’ని 3.68 మీటర్ల పొడవుతో చూపింది. ఆ రూపురేఖల ఛాయలతో 2024లో వచ్చిన గ్రాండే పాండా 3,999 మిల్లీమీటర్లు. పేరులోనే ‘చురుకు, చిన్న’ అనే భావాన్ని పలికించే స్మార్ట్ సంస్థ సంగతి మరీ విచిత్రం. రెండున్నర మీటర్ల రెండు సీట్ల కారుతో పుట్టిన ఆ సంస్థ, 2021లో మ్యూనిక్‌లో చూపిన కాన్సెప్ట్ పొడవు 4,290, వెడల్పు 1,910. ఉత్పత్తికి వచ్చేసరికి అది 4,270కీ, 1,822కీ తగ్గింది. ఇక్కడా కాన్సెప్ట్ కంటే అసలు కారే చిన్నది. అయినా దానిని చిన్నకారు అనగలమా? పాత రెండు సీట్ల కారు ఉత్పత్తి 2024 మార్చితో ఆగిపోయింది.

ఈ ఉదాహరణలన్నిటిలో తేలేది ఒకటే. కాన్సెప్ట్‌కూ, ఉత్పత్తికీ మధ్య తేడా కొద్ది సెంటీమీటర్లకు మించడం అరుదు. అసలు పెరుగుదల కాన్సెప్ట్ గీసే బల్ల మీదనే, పాత కారుకూ కొత్త ఊహకూ మధ్య జరుగుతోంది. ఐరోపాలో దీనికి మినహాయింపు సిట్రోయెన్ ‘ఆమి’. 2019 కాన్సెప్ట్ పొడవు 2.5 మీటర్లు, వెడల్పు 1.5 మీటర్లు. 2020లో అమ్మకానికి వచ్చిన ఆమి 2.41 మీటర్ల పొడవు, 1.39 మీటర్ల వెడల్పు మాత్రమే. అది చట్టం దృష్టిలో కారు కాదు, తేలికపాటి క్వాడ్రిసైకిల్. గంటకు 45 కిలోమీటర్ల వేగం దాటదు. ఫ్రాన్సులో పద్నాలుగేళ్ల వయసువారు కూడా నడపవచ్చు. ఆ తరగతికి చట్టం నిర్దిష్టమైన చోటు కల్పించింది. వాహనం ఆ చోటులో ఒదిగింది.

ఇక మన దేశానికి వద్దాం. విద్యుత్ చిన్నకారు విషయంలో భారతదేశం ఆలస్యంగా మేల్కొన్నదని చెప్పడం చరిత్రకు అన్యాయం చేయడమే. బెంగళూరులో తయారైన ‘రేవా’ 2001లోనే రోడ్డెక్కింది. దాని పొడవు 2,638 మిల్లీమీటర్లు, వెడల్పు 1,324. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు కూర్చోవచ్చు. లండన్ వీధుల్లో ‘జీ-విజ్’ పేరుతో అది తిరిగింది. అక్కడా అది క్వాడ్రిసైకిల్ తరగతిలోనే నమోదైంది. ఢీకొట్టే పరీక్షల్లో దాని భద్రతపై తీవ్ర విమర్శలు వచ్చాయి. 2010లో మహీంద్రా సంస్థ రేవాను చేజిక్కించుకుని 2013లో 3,280 మిల్లీమీటర్ల ‘ఈ2ఓ’ను, తరువాత నాలుగు తలుపుల ‘ఈ2ఓ ప్లస్’ను తెచ్చింది. ఆ శాఖ 2019తో ముగిసింది. అదే సంస్థ 2022 ఆగస్టులో చూపిన ‘బీఈ.05’ కాన్సెప్ట్ పొడవు 4,370 మిల్లీమీటర్లు. 2024 నవంబరులో ‘బీఈ 6’గా వచ్చిన కారు 4,371. తేడా ఒక్క మిల్లీమీటరు. వెడల్పు 1,900 నుంచి 1,907 అయింది. మారుతీ సుజుకీ 2023 ఆటో ఎక్స్‌పోలో 4,300 మిల్లీమీటర్ల ‘ఈవీఎక్స్’ను చూపింది. దాని ఉత్పత్తి రూపమైన ఈ-విటారా 4,275. మన కాన్సెప్ట్ కార్లు అబద్ధమాడటం లేదు. చెప్పినంత పెద్ద కార్లే వస్తున్నాయి.

నాలుగు మీటర్ల గీత 2006 కేంద్ర బడ్జెట్‌లో వచ్చింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోలు అయితే 1,200 సీసీ, డీజిల్ అయితే 1,500 సీసీ మించని ఇంజిను ఉన్న కార్లకు ఎక్సైజ్ సుంకాన్ని 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించారు. ఆ గీత మన కార్ల రూపాన్నే మార్చింది. 2008లో 4,160 మిల్లీమీటర్లతో వచ్చిన స్విఫ్ట్ డిజైర్ 2012లో 3,995కు కుదించుకుంది. వెనుక డిక్కీని ఎవరో రంపంతో కోసినట్లు కనిపించిన ఆ కార్లను చూసి నవ్వినవారున్నారు. నవ్వినవారే కొన్నారు కూడా. జీఎస్టీ వచ్చిన తరువాతా గీత కొనసాగింది. 2025 సెప్టెంబరు 22 నుంచి అమల్లోకి వచ్చిన సవరణలో చిన్నకార్లపై పన్ను 18 శాతానికి దిగింది. అంతకంటే పెద్దవాటికి 40 శాతం. విద్యుత్ కార్లకు 2019 ఆగస్టు నుంచి ఉన్న 5 శాతమే కొనసాగింది. రెండున్నర మీటర్లైనా, ఐదు మీటర్లైనా అదే 5 శాతం.

ఈ అంకెలను కాస్త నిదానంగా చూడాలి. గతంలో చిన్న పెట్రోలు కారుపై సెస్సుతో కలిపి 29 శాతం పన్ను ఉండేది. చిన్న విద్యుత్ కారుకు 24 శాతం మేర పన్ను ఆధిక్యం ఉండేదన్నమాట. ఇప్పుడది 13 శాతానికి కుదించుకుపోయింది. పెద్ద పెట్రోలు కారుతో పోలిస్తే పెద్ద విద్యుత్ కారుకు మాత్రం 35 శాతం ఆధిక్యం మిగిలి ఉంది. సంస్థలు విద్యుత్ కారును పెద్దదిగా రూపొందించడానికి ఇంతకంటే స్పష్టమైన సంకేతం ఏం కావాలి? తెలంగాణలో 2024 నవంబరు 18 నుంచి విద్యుత్ వాహనాలకు రహదారి పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము పూర్తిగా మినహాయించారు. 2026 డిసెంబరు 31 వరకు ఆ మినహాయింపు ఉంటుంది. జీవితకాల పన్ను ధరలో శాతంగా లెక్కిస్తారు కనుక, రూపాయల్లో చూస్తే ఎక్కువ లాభపడేది ఖరీదైన పెద్దకారు కొన్నవారే. ఉద్దేశం మంచిదే. ఫలం ఎవరి పెరట్లో రాలుతున్నదన్నది వేరే ప్రశ్న.

మార్కెట్లోని కార్లను చూస్తే ఈ ధోరణి మరింత తేటపడుతుంది. టియాగో ఈవీ 3,769 మిల్లీమీటర్లు, పంచ్ ఈవీ 3,857, నెక్సాన్ ఈవీ 3,994. ఈ మూడూ నాలుగు మీటర్ల లోపే ఉన్నాయి. విద్యుత్ కారు విధానం వల్ల కాదు. వాటి దేహాలు పెట్రోలు కార్ల నుంచి అరువు తెచ్చుకున్నవి కావడం వల్ల. పాత గీత నీడ వాటి మీద పడింది. పెట్రోలు తోబుట్టువు లేకుండా మన మార్కెట్లోకి నేరుగా విద్యుత్ కార్లుగా వచ్చినవి చూడండి. బీఈ 6 సంగతి చెప్పుకున్నాం. విండ్సర్ ఈవీ 4,295. ఈ-విటారా 4,275. ఎంజీ కామెట్ ఒక్కటే ఈ వరుసలో ఒదగదు. 2023లో వచ్చిన ఆ కారు పొడవు 2,974 మిల్లీమీటర్లు, వెడల్పు 1,505. 17.3 కిలోవాట్ అవర్ల బ్యాటరీతో, 4.2 మీటర్ల మలుపు వ్యాసార్ధంతో నిజమైన నగర వాహనం అది. అయితే దాని మూలం ఇండోనేషియా, చైనా మార్కెట్ల కోసం తయారైన వూలింగ్ ఎయిర్ ఈవీ. ఆ ఊహ మన విధానంలో నుంచి పుట్టినది కాదు.

వీధి లెక్క ఒకటి వేసి చూద్దాం. కామెట్ ఆక్రమించే నేల దాదాపు 4.5 చదరపు మీటర్లు. సకురాకు 5. బీఈ 6కు 8.3. వంద మీటర్ల రోడ్డు అంచున, కారుకూ కారుకూ మధ్య మీటరు ఎడం ఇస్తూ నిలిపితే కామెట్లు 25 పడతాయి. 4.3 మీటర్ల కార్లు 19 మాత్రమే. మన పట్టణ ప్రణాళికలో ఈ తేడాకు చోటే లేదు. ఢిల్లీ మాస్టర్ ప్లాన్ ఒక కారుకు ఆరుబయట 23 చదరపు మీటర్లు, నేలమాళిగలో 32 చదరపు మీటర్లు లెక్కగడుతుంది. కారు బుల్లిదైనా భారీదైనా లెక్క ఒక్కటే. హైదరాబాదులో ఇరవై ఏళ్ల కిందట కట్టిన అపార్ట్‌మెంటు సెల్లారులో ప్రతి రాత్రీ జరిగే సర్దుబాటు చూసినవారికి ఈ చదరపు మీటర్ల విలువ విడమరిచి చెప్పనక్కరలేదు. స్తంభానికీ స్తంభానికీ మధ్య ఆనాటి మారుతీ 800లను ఊహించుకుని గీసిన గడుల్లో, నేడు పక్కవారి తలుపు తెరుచుకోవాలంటే మనం కారు వెనక్కి తీయాలి.

పెద్దకార్ల వైపు వాదించేవారి మాటలోనూ బలం ఉంది. నానోను 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ ఢీకొట్టి పరీక్షించినప్పుడు పెద్దల భద్రతలో దానికి ఒక్క నక్షత్రమూ రాలేదు. ముందు భాగంలో నలిగేందుకు చోటు లేని చోట ఇంజనీరుకు పని కష్టమవుతుంది. ఇంట్లో ఒకే కారు ఉండే కుటుంబం దానిలోనే ఊరికి వెళ్లాలి, పెళ్లికి వెళ్లాలి, పెద్దవారిని ఆసుపత్రికి తీసుకుపోవాలి. 17 కిలోవాట్ అవర్ల బ్యాటరీతో హైదరాబాదు నుంచి విజయవాడకు మధ్యలో ఆగకుండా చేరడం ఊహకు అందదు. పెద్ద బ్యాటరీకి పెద్ద నేల కావాలి. చక్రాల ఇరుసుల మధ్య దూరం పెరగాలి. ఆ వెనుకే కారూ పెరుగుతుంది. పెద్ద పెట్రోలు కారు కొనబోయినవారు పెద్ద విద్యుత్ కారు కొంటే నగరపు గాలికి మేలే. ఇదంతా నిజం. అయితే 3,857 మిల్లీమీటర్ల పంచ్ ఈవీ 2024లో భారత్ ఎన్‌క్యాప్‌లో ఐదు నక్షత్రాలు సాధించింది. భద్రతకు నాలుగు మీటర్లు దాటి తీరాలన్న మాట దానితో బలహీనపడుతుంది. నగరంలో రోజుకు ముప్పై, నలభై కిలోమీటర్లు తిరిగే ఉద్యోగికి 4.3 మీటర్ల కారు అవసరమనీ ఎవరూ రుజువు చేయలేదు. ధర సంగతి సరేసరి. బీఈ 6 తొలి ధర 18.90 లక్షల రూపాయలు, కామెట్ తొలి ధర 7.98 లక్షలు. ద్విచక్ర వాహనం నుంచి కారుకు ఎదగాలనుకునే కుటుంబం చేయి చాపేది వీటిలో దేనివైపో తెలిసినదే.

ఇరుగు పొరుగుల అనుభవమూ గీత గీసే చోటును బట్టి వాహనం మారుతుందనే చెబుతోంది. నేపాల్‌లో విద్యుత్ కార్ల దిగుమతి సుంకాన్ని మోటారు సామర్థ్యాన్ని బట్టి, 50, 100 కిలోవాట్ల అంచెలుగా విధిస్తారు. దాంతో ఒకే కారును తక్కువ సామర్థ్యపు మోటారుతో తెప్పించే ధోరణి అక్కడ కనిపించింది. మోటారు చిన్నదైంది, కారు పొడవు తగ్గలేదు. ఐరోపాలోనూ చర్చ మొదలైంది. 4.2 మీటర్ల లోపు విద్యుత్ కార్లకు ప్రత్యేక ఉపవర్గాన్ని 2025 డిసెంబరులో యూరోపియన్ కమిషన్ ప్రతిపాదించింది. అంతకు రెండు నెలల ముందే డాచియా సంస్థ ‘హిప్‌స్టర్’ అనే కాన్సెప్ట్‌ను చూపింది. నాలుగు సీట్లు, పొడవు మూడు మీటర్లు, వెడల్పు 1.55 మీటర్లు. 4.2 మీటర్ల గీత మూడు మీటర్ల కారుకు ఏ మేరకు ప్రోత్సాహమవుతుందన్నది సందేహాస్పదమే. గీత మరీ దూరంగా గీస్తే అందరూ దాని లోపలే ఉంటారు.

మన దగ్గర ఇంధన సామర్థ్య బ్యూరో 2025 సెప్టెంబరులో విడుదల చేసిన ముసాయిదాలో 909 కిలోల లోపు బరువు, 1,200 సీసీ లోపు ఇంజిను, నాలుగు మీటర్ల లోపు పొడవు గల పెట్రోలు కార్లకు ఉద్గారాల లెక్కలో కొంత వెసులుబాటు ప్రతిపాదించారు. దానిపై తయారీ సంస్థలు రెండుగా చీలి వాదించుకున్నాయి. ఆ వాదన యావత్తూ పెట్రోలు చిన్నకారు చుట్టూనే తిరిగింది. ప్రైవేటు కార్లకు తోడ్పాటు లేని పీఎం ఈ-డ్రైవ్ పథకంలోనూ విద్యుత్ చిన్నకారు ఊసు లేదు. 5 శాతం పన్ను అందరికీ ఉంచి, నాలుగు మీటర్లకు బదులు పొడవు, వెడల్పుల గుణకారాన్ని, అంటే కారు ఆక్రమించే నేలను ప్రమాణంగా తీసుకుని ఆరేడు చదరపు మీటర్ల లోపు వాటికి రాష్ట్రాల రహదారి పన్నులోనో, పార్కింగ్ రుసుములోనో అదనపు మేలు చేయడం అసాధ్యమేమీ కాదు. పొడవు ఒక్కటే కొలిస్తే డిజైర్ డిక్కీకి పట్టిన గతే మళ్లీ పడుతుంది. వెడల్పు మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

2025 అక్టోబరులో టోక్యోలో జరిగిన జపాన్ మొబిలిటీ షోలో సుజుకీ ‘విజన్ ఈ-స్కై’ అనే విద్యుత్ కాన్సెప్ట్‌ను ఉంచింది. పొడవు 3,395, వెడల్పు 1,475 మిల్లీమీటర్లు. కేయి గీతకు ఐదేసి మిల్లీమీటర్ల ఇవతల. 2026 ఆర్థిక సంవత్సరంలో దానిని ఉత్పత్తిలోకి తేవాలన్నది సంస్థ సంకల్పం. ఆ ప్రదర్శనకు రెండు నెలల ముందు, ఆగస్టు 26న, గుజరాత్‌లోని హన్సల్‌పూర్ కర్మాగారం నుంచి అదే సంస్థకు చెందిన 4,275 మిల్లీమీటర్ల ఈ-విటారా ఎగుమతికి బయలుదేరింది.